మీ నీళ్లేనప్పా

బాగేపల్లి బస్సు చిక్కబళ్లాపురం దాటేసరికి నా గొంతు ఎండిపోయింది. పక్క సీటులోని పెద్దావిడ అది కనిపెట్టి, సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. సగం గడగడా తాగేశాను.

"నీళ్లు తియ్యగా ఉన్నాయమ్మా. ఎక్కడివి?"

"మా బోరు నీళ్లప్పా. శానా ఏండ్లు ఎండిపోయుండె. చెరువు నిండినాక మళ్లా పడినాయి."

"అంత వాన కురిసిందా?"

"వాన యాడిది? బెంగళూరు కక్కసు నీళ్లు, మోరీ నీళ్లు క్లీన్ చేసి, పైపుల్లో మా చెరువుకు ఇడుస్తాండారు గదా. నువ్వు యాడుంటావప్పా?"

"బెంగళూరులోనే."

"అయితే మీ నీళ్లే!" అని నవ్వింది.

నేను సీసాను వెలుతురుకెత్తి చూశాను. ఆమె దాన్ని మెల్లగా తీసుకుని, మిగిలిన సగం తాపీగా తాగింది. మూత బిగిస్తూ అడిగింది.

"అవునప్పా, ఆ మోరీల్లో మీరు ఏమేమి పోస్తారు?"

తన ఊరు రాగానే ఆమె దిగిపోయింది.

మొన్న ఇంట్లో గడువు తీరిన దగ్గుమందు సింకులో ఒంపబోయి, ఆగిపోయాను. ఆ సీసా ఇంకా వంటగట్టు మీదే ఉంది.