కొట్టివేతలు లేని రిజిస్టర్

స్టెల్లాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యాంపు మొదటిరోజే ఆ సంగతి తెలిసిపోయింది నాకు. మా ఇద్దరికీ కలిపి ఒకే కంప్యూటర్ ఇచ్చారు. మౌస్ కుడివైపుకు కదలదు. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు గుద్దితే తప్ప పడవు.

"పన్నెండు రోజులు దీంతో కాపురం చెయ్యాలా మనం?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

డిగ్రీ చదివే ఆడపిల్లల కోసం గుణదలలో ఒక ట్రస్టు వాళ్లు పెట్టిన వేసవి క్యాంపు అది. కంప్యూటర్ వాడటం, ఆన్‌లైన్ మోసాల నుంచి కాపాడుకోవడం నేర్పుతామన్నారు. ముప్పై మందిమి చేరాం. బాగా చేసిన ఒక్కరికి మూడు నెలల సైబర్ సెక్యూరిటీ కోర్సులో ఉచితంగా సీటిస్తారు. నాది పెడన, మగ్గాల ఇల్లు. సెలవుల్లో మేనత్త ఇంట్లో ఉండొచ్చని వచ్చానే తప్ప సీటు మీద నాకు పెద్ద ఆశ లేదు. స్టెల్లా అలా కాదు. రోజూ కంకిపాడులో బస్సెక్కి, బెంజి సర్కిల్ దగ్గర దిగి, ఆటో పట్టుకుని వచ్చేది. వాళ్ల నాన్న యేసుబాబు గారు కౌలు రైతు. జూన్ ఒకటిన కూతుర్ని బట్టల షాపులో సేల్స్‌కు పంపుతానని ఎవరికో మాట ఇచ్చేశారు. "సీటొస్తే చదువుకో. రాకపోతే షాపు" అన్నారట. అంతకుమించి బేరం లేదు.

పాఠాలు చెప్పే డేనియల్ సార్ మంచివారే కానీ వేగం ఎక్కువ. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. మేం ఒక వాక్యం రాసుకునేలోపు ఆయన నాలుగు దాటేసేవారు. చేత్తో చేసి చూద్దామనుకున్నప్పుడల్లా కరెంటు పోయేది. నాకే ఒళ్లు మండేదంటే ఇక స్టెల్లా సంగతి చెప్పాలా!

మూడోరోజు మా అందరికీ క్యాంపు కంప్యూటర్లలో తలో అకౌంటు ఇచ్చారు. ఆ రోజు పాఠం పాస్‌వర్డ్ గురించి. ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు అని డేనియల్ సార్ గంటసేపు చెప్పారు. ఆయన గొంతు ఆరకముందే క్యాంపు చూసుకునే సంజీవరావు మాస్టారు పొడుగాటి రిజిస్టర్ పట్టుకుని లోపలికొచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నలభై ఏళ్లు రిజిస్టర్లు రాశానని, వాటిలో ఒక్క కొట్టివేత కూడా లేదని రోజుకోసారైనా చెప్పేవారు. నంబరు, పేరు, తండ్రి పేరు, ఫోను, ఆ పక్కన పాస్‌వర్డ్, చివర ప్రవర్తన అని గళ్లు గీసుకొచ్చారు.

"మీరు మర్చిపోతారమ్మా. మర్చిపోయి నా ప్రాణం తీస్తారు. వరసగా రాసేయండి" అన్నారు.

అందరం రాసేశాం. నేనూ రాశాను. పెద్దాయన అడిగాక కాదని ఎలా అంటాం? పదిహేడో నంబరు దగ్గర రిజిస్టర్ ఆగింది.

"నేను రాయనండీ" అంది స్టెల్లా.

"ఏమ్మా? మా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం గురించి కాదు మాస్టారూ. ఎవరికీ చెప్పొద్దని సార్ ఇప్పుడేగా చెప్పారు!"

"ఎవరికీ అంటే బయటివాళ్లకు. నేను బయటివాణ్ణా?"

స్టెల్లా డేనియల్ సార్ వైపు చూసింది. ఆయన ప్రొజెక్టర్ వైర్లు సర్దుకోవడంలో మునిగిపోయారు. కాసేపటికి దగ్గరకొచ్చి, "రాసెయ్యమ్మా, తర్వాత మార్చుకుందువుగాని" అని గొణిగారు. ఆ మాట విన్నాక స్టెల్లా ముఖం చూడాలి. విసురుగా ఏదో రాసిచ్చి, భోజనాల వేళ నిజంగానే మార్చేసింది.

మాస్టారు ఏ పనైనా సరిచూసుకునే మనిషి. మర్నాడు ఒక్కొక్కరి అకౌంటూ తెరిచి చూసుకున్నారు. పదిహేడోది తెరుచుకోలేదు. ఎర్ర పెన్ను తీసి, ప్రవర్తన గడిలో 'చెప్పిన మాట వినదు' అని రాశారు. ఆ రిజిస్టర్ మంచినీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద రోజంతా తెరిచే ఉండేది. నీళ్లు తాగడానికి వెళ్లిన ప్రతివాళ్లూ చదివారు.

"మొండిఘటం" అని చాటుగా పేరు పెట్టారు కొందరు.

"తప్పు చేసిందెవరు, పేరు పోయిందెవరికే సాయిశ్రీ?" అని స్టెల్లా నా మీద ఎగిరింది.

మోసపు మెసేజీలను ఎలా గుర్తుపట్టాలో చెప్పే వెబ్‌పేజీ తయారు చెయ్యడం మా చివరి పని. దాన్ని చూసే సీటిస్తారు. స్టెల్లా వాళ్లమ్మ శౌరమ్మ గారి ఫోనుకు వచ్చిన మెసేజీలన్నీ తెచ్చి పెట్టి, ఏది ఎందుకు మోసమో వాళ్లమ్మకు చెబుతున్నట్టే రాసింది. ఆ పాడు కీబోర్డును గుద్ది గుద్ది వేళ్లు నొప్పులు పుట్టేవి ఆమెకు. నాదీ ఫర్వాలేదనిపించేలా వచ్చింది.

పదోరోజు పొద్దున కంప్యూటర్ తెరిస్తే నా పేజీ లేదు. పక్కమ్మాయిదీ లేదు. చెత్తబుట్టలో వెతికితే అదీ ఖాళీ. గదంతా ఏడుపులు, కేకలు. ముప్పై మందిలో ఒక్కరిదే మిగిలింది. స్టెల్లాది.

ఇంకేముంది, చూపులన్నీ ఆమె మీదే.

"సీటు కోసం ఇంత పని చేస్తావా?" అని రూతు అనే అమ్మాయి మొహం మీదే అడిగేసింది. "రిజిస్టర్ అక్కడే ఉంది. అందరి పాస్‌వర్డ్‌లూ అందులోనే ఉన్నాయి. నీదొక్కటే మార్చేసుకున్నావు!"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ అనుమానించాను. ఆ సంగతి ఆమె కనిపెట్టింది కూడా. నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

స్టెల్లా ఏడవలేదు. తిన్నగా డేనియల్ సార్ దగ్గరకెళ్లి, "ఎవరి అకౌంటు ఎప్పుడు తెరిచారో కనపడుతుందని పాఠంలో చెప్పారుగా. తెర మీద వెయ్యండి సార్, అందరూ చూస్తారు" అంది.

వేశారు. ముందురోజు సాయంత్రం మేమంతా వెళ్లిపోయాక, ఐదుంబావు నుంచి ఆఫీసు గదిలోని కంప్యూటర్లో ఒకటో నంబరు, తర్వాత రెండు, తర్వాత మూడు. వరస తప్పకుండా, రెండేసి నిమిషాలకొకటి. పదిహేడు దగ్గర మూడుసార్లు ప్రయత్నించి, తెరుచుకోక, పద్దెనిమిదికి వెళ్లారు. దొంగెవడైనా హాజరు పిలిచినట్టు వరసలో వెళతాడా? అందరం గుమ్మం వైపు తిరిగాం.

"నేనేనమ్మా" అన్నారు సంజీవరావు మాస్టారు, ఇదంతా ఎందుకో అర్థం కానట్టు. "ఇవాళ్టి నుంచి చివరి పరీక్ష కదా. పరీక్షకు ముందురోజు బోర్డులూ పలకలూ తుడిపించడం నా అలవాటు. డేనియల్ నేర్పినట్టే శుభ్రం చేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఏం, తప్పా?"

ఆయనకు విషయం చెప్పడానికి డేనియల్ సార్‌కు పావుగంట పట్టింది. అర్థమయ్యాక మాస్టారు కుర్చీలో కూలబడిపోయారు. స్టెల్లాకు ఎవరూ సారీ చెప్పలేదు. నేను చెప్పాను, ఆలస్యంగా.

మిగిలిన రెండురోజుల్లో ఇరవై తొమ్మిది మందిమీ ఏదో అతుకులు వేసి చూపించాం. సీటు స్టెల్లాకే వచ్చింది. వచ్చినా మళ్లీ ఒక మెలిక. కోర్సులో చేరాలంటే ప్రవర్తన గడి ఉన్న రిజిస్టర్ పేజీ నకలు జతచెయ్యాలట.

"ఆ ఎర్ర మాట కొట్టెయ్యండి మాస్టారూ" అని అడిగింది.

"కొట్టివేతలు చెయ్యనమ్మా. నలభై ఏళ్లుగా చెయ్యలేదు."

"అది చూస్తే నన్నెవరు చేర్చుకుంటారండీ? ఎల్లుండి నుంచి షాపుకు పోవాలి నేను!" పన్నెండు రోజుల్లో ఆమె కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు. నాకైతే ఆ రిజిస్టర్ లాక్కుని కాలవలో పారెయ్యాలనిపించింది.

మాస్టారు పెన్ను తీశారు. ఎర్రది కాదు, నీలం. 'చెప్పిన మాట వినదు' అన్నదాని కింద, అంతే ముత్యాల్లాంటి అక్షరాలతో, 'చెప్పిన నాదే తప్పు' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.

స్టెల్లా ఆ పేజీని రెండుసార్లు చదువుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుంటూ, "నకలు తీసేముందు పాస్‌వర్డ్‌ల గడి మీద కాగితం అడ్డం పెట్టండి మాస్టారూ" అంది.