సారు విన్న మా రెండో క్యాసెట్

మా బృందంలో ముగ్గురం. నేను కీబోర్డు వాయించేవాణ్ని. ధర్మవరంలో పట్టుచీరలు నేసే అక్క, మా పెద్దమ్మ కూతురు, పాడేది. అనంతపురంలో టేప్‌రికార్డర్లు బాగుచేసే నా స్నేహితుడు పాత రేడియోల సామాను కలిపి దరువు కొట్టే మిషన్ ఒకటి తయారుచేశాడు. మేం చేసేదాన్ని డార్క్ సింథ్‌పాప్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో దిగులు పాటలు అనేవాళ్లం.

తొంభైల చివర్లో వేసిన మొదటి క్యాసెట్‌ను చుట్టాలు కొన్నారు. చుట్టాలు కాబట్టి బాగుందన్నారు. రెండోదాన్ని మాత్రం లోకం గుర్తించాల్సిందేనని పట్టుబట్టాం. ఎనిమిది పాటలు. ఒకటి ఎండిన బోరు గురించి, ఒకటి రాని వాన గురించి. మిగతా ఆరూ దేని గురించో రాసిన నాకే తెలీదు.

"ఇంత ఏడుపు ఏంటికిరా? మనింట్లో అందరూ బాగానే ఉండారు కదా" అంది అక్క. అయినా పాడింది. ఆమెది సన్నటి, చురుకైన గొంతు. నా దిగులంతా ఆ గొంతులో పడేసరికి పెళ్లిపాటలా మోగింది.

అనంతపురంలో ఒక వారపత్రికకు సంగీతం గురించి రాసే తెలుగు మాస్టారు ఉండేవారు. దేన్నీ మెచ్చుకోరని పేరు. భయపడుతూనే ఒక క్యాసెట్ ఆయనకిచ్చాం. రెండు వారాలకు సమీక్ష వచ్చింది. అరపేజీ! ఈ గాయకుడి గొంతు బావి అడుగు నుంచి లేచి వస్తోందట. ఆ దరువు శవం వెంట నడిచే మనిషి అడుగులట. ‘గాయకుడు’ అన్నది అచ్చుతప్పనుకున్నాం.

అక్క బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి తెచ్చింది. ఆదివారం పొద్దున ముగ్గురం సారు ఇంటికి పోయాం. ఆ వేసవిలో కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు కాబట్టి ఆయన టేప్‌రికార్డర్ సెల్లుల మీదే నడిచేది.

"కూచోండప్పా. గాయకుణ్ని పిల్చుకోని రాలేదేమి?" అంటూ మా క్యాసెటే పెట్టి కళ్లు మూసుకున్నారు. 

దరువు కాళ్లీడ్చుకుంటూ మొదలైంది. తర్వాత గొంతు వచ్చింది.

"ఎవుర్రా ఈ మొగోడు?" అని అక్క నా చెవిలో అడిగింది.

నాకు అర్థమైంది. సెల్లులు అడుగంటాయి, టేపు సగం వేగంతో తిరుగుతోంది. నోరెత్తొద్దని స్నేహితుడి కాలు తొక్కాను. కానీ వాడు మెకానిక్. మిషన్ సరిగ్గా తిరగకపోతే వాడికి ఒళ్లంతా దురద.

"సెల్లు అయిపోయినాయి సార్. అందుకే ఇట్ల ఈడుస్తాండాది" అని లేచి, అంగడికి పరుగెత్తి, కొత్తవి తెచ్చి వేశాడు.

అక్క గొంతు గలగలా బయటికొచ్చింది. సారు కళ్లు తెరిచారు. పాట అయ్యాక అక్క వైపు తిరిగారు.

"పాడింది నువ్వేనామ్మా?"

"ఊ సార్."

ఆయన ఓళిగల పళ్లెం కొంచెం దూరం జరిపారు.

మరుసటి వారం పత్రికలో సవరణ పడింది. పాడింది గాయకుడు కాదు, గాయని అనీ, పోయినసారి రాసిన పొగడ్తలన్నీ తన టేప్‌రికార్డర్‌కు చెందుతాయనీ సారు నిజాయితీగా రాసుకున్నారు. అక్క మా ఇద్దరితోనూ వారంపాటు మాట్లాడలేదు.

అయితే చాలామంది మొదటి సమీక్షే చదివినట్టున్నారు. బావిలోంచి పాడే ఆయన క్యాసెట్ కావాలని స్నేహితుడి అంగడికి వచ్చేవాళ్లు. వినిపిస్తే, "ఇది కాదన్నా, ఇంగోటి" అని పోయేవాళ్లు. చివరికి వాడు వేగం తగ్గించి కాపీలు తీయడం మొదలుపెట్టాడు. వాడి దగ్గరున్న ఖాళీ క్యాసెట్లన్నీ అయిపోయాయి. భయపడుతూ ఆ సంగతి అక్కకు చెప్పాను.

"నా గొంతే కదరా. నిదానంగా పోతే తప్పేముంది?" అని మగ్గం మీదికి వంగింది. పెదాలు బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు.

ఆ ఏడు ఒక కాలేజీ వార్షికోత్సవంలో మాకు అరగంట ఇచ్చారు. అక్క తన మామూలు గొంతుతోనే పాడింది. వేదిక దిగగానే బత్తలపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు.

"బాగా పాడినావమ్మా. క్యాసెట్లో పాడినాయన రాలేదా?"

"వస్తాండాడన్నా. కొంచెం నిదానం మనిషి" అంది అక్క.

ఆయన గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.