మగ్గం గుంట మీద మంచం

మా ఇంటి పెళ్లిళ్లలో విస్తర్ల ముందు కూర్చున్నాక, పప్పు వడ్డించేలోపే ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. మా మామను చూసుకోవడానికి వచ్చిన ఆయమ్మ నా నోటికి జడిసి, సంచి సర్దుకుని పారిపోయిందట. చెప్పేవాళ్లు నా వైపు చూసి నవ్వుతారు కూడా. నాకు నోరుందన్న మాట నిజమే. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు వాదన పోటీలో గెలిచిన కప్పు ఇప్పటికీ మా ఇంట్లో సూదులు, గుండీలు వేసుకోవడానికి పనికొస్తోంది. కానీ ఆయమ్మ పారిపోలేదు. ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఎలా వచ్చిందో చెప్పాలి. పెళ్లిళ్లలో ఆ భాగం ఎవరూ చెప్పరు, అప్పటికి విస్తట్లోకి పెరుగు వచ్చేస్తుంది.

మా మామ గద్వాలలో చీరలు నేసిన మనిషి. ఆయనది గుంట మగ్గం. నేలలో మోకాళ్లు పట్టేంత గుంట ఉంటుంది. నేసేవాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, అడుగునున్న కాలిపలకలు తొక్కుతూ నేస్తాడు. మా మామ పెళ్లికి ముందు నుంచీ ఆ గుంటలోనే కూర్చున్నాడు. మా అత్త బతికున్న రోజుల్లో, ఈయనను గుంటలో నుంచి లేపి పీటల మీద కూర్చోబెట్టి పెళ్లి చేశారని, తాళి కట్టగానే మళ్లీ గుంటలోకి దిగాడని అంటుండేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వీధిలోకి వస్తున్న రోజులవి. మా సందులో సైకిల్ తగిలి మామ కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కర్నూలుకు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. పంపించేటప్పుడు డాక్టరు నాలుగైదు జాగ్రత్తలు చెప్పాడు. వాటిలో ఒకటి, కింద కూర్చోకూడదని.

మిగతావన్నీ మాకు వదిలేసి ఆ ఒక్క మాటను పట్టుకున్నది మా వదినె, అంటే మా ఆయన అక్క. ఆమెది నాగర్‌కర్నూల్. తండ్రి అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని బస్సులో వేసుకుని వచ్చి, మేము కర్నూలు నుంచి తిరిగొచ్చేలోపు మామ మగ్గం విప్పించి గోడకు చేర్పించింది. గుంట మీద బల్లలు పరిపించింది. గాలి వచ్చే గది అదొక్కటే కాబట్టి, ఆ బల్లల మీదే పక్కలకు ఇనుప కమ్మీలున్న దవాఖాన మంచం వేయించింది. పైగా హైదరాబాద్‌లో ముసలివాళ్లకు ఇంటికి మనుషుల్ని పంపే ఆఫీసొకటి ఉందని తెలుసుకుని, ఆయమ్మను కూడా మాట్లాడింది.

మామ ఇంట్లోకి రాగానే మంచం చూశాడు, కింద బల్లలు చూశాడు. చేతికర్రతో ఒక బల్ల మీద కొట్టాడు. డొల్లగా మోగింది.

"నన్ను మల్ల గుంటల కూసోనిస్తరా?" అని అడిగాడు.

"ముందు నడువు నాయనా" అంది వదినె. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయమ్మ మరునాడు వచ్చింది. కొల్లాపూర్ వైపు మనిషి. లేతనీలం చీర, రొమ్ము మీద పిన్నుతో తగిలించిన చిన్న గడియారం. నేను వంటింట్లో ఉండగానే ఇల్లంతా ఒకసారి చూసి వచ్చి, బాత్‌రూమ్ ముందు పరిచిన పట్టా తీసేయాలంది, జారుతుందట. లోపల పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ బిగించాలంది. మామను తాకే ముందు, తాకిన తర్వాత సబ్బుతో చేతులు కడిగేది. పడుకున్న వైపే పడుకోనివ్వకుండా తిప్పేది. ఆమె ఉన్నంతకాలం మామ వీపున ఒక్క పుండు లేవలేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. న్యాయం న్యాయమే.

ఇక నాకూ ఆమెకూ పడనివి కూడా ఉన్నాయి. మామకు జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి పెడతానంటే మెత్తటి అన్నమే పెట్టాలనేది. నేను పట్టిన మామిడి తొక్కు గిన్నెలు గిన్నెలు తిని, కాయ మాత్రం కొల్లాపూర్‌ది కాదని వంక పెట్టేది. సాయంత్రం టీవీలో సీరియల్ వస్తే మామకు కథ మొత్తం విప్పి చెప్పేది. ఆయన దానిలోని కోడలి పక్షం వహించేవాడు, ఈమె అత్త పక్షం. ఆ గొడవలో నేనెవరి పక్షమూ వహించలేదు. ఇంట్లో ఉన్న గొడవలు చాలు.

ఒక మధ్యాహ్నం మామ మంచం మీద నుంచి పడ్డాడు. అదృష్టం బాగుండి మోచేయి దోక్కుపోవడంతో సరిపోయింది. ఆయమ్మ నిద్రపోయిందని ఇప్పటికీ అంటారు. ఆమె నిద్రపోలేదు, నేను అక్కడే ఉన్నాను. తినిపించి, మంచం అంచున కూర్చోబెట్టి, చెంబు అందుకోవడానికి అటు తిరిగింది. మామ రెండు అరచేతులు ఇటొకటి అటొకటి ఆనించి, ఒళ్లు పైకెత్తి, ముందుకు తోశాడు. గుంటలో నుంచి లేచేవాడు లేచేది అట్లాగే. గుంటకు ఎదురుగా ఇంకో అంచు ఉంటుంది, మంచానికి ఎదురుగా ఏమీ ఉండదు. చేతులకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఆ రోజు నుంచి ఆయమ్మ మంచం కమ్మీలు రెండు వైపులా ఎత్తి గొళ్లెం వేయడం మొదలుపెట్టింది. మామ పడలేదు. దాంతో పాటు ఇంకొన్ని కూడా మానేశాడు. సీరియల్‌లో కోడలి గురించి అడగడం మానేశాడు. రొట్టె కావాలనడం మానేశాడు. అటువైపు తిరిగి, గోడకు చేర్చిన మగ్గం కట్టెలు చూస్తూ పడుకునేవాడు. ఏం కావాలన్నా వద్దనే చెప్పేవాడు.

కమ్మీలు దించు, గుంట తెరుద్దాం అని ఆయమ్మతో వాదించాను. ఆమె నా కన్నా గట్టిది.

"నాకు చెప్పి పంపిన పనిల గుంట లేదమ్మా. తాత మల్ల పడితే మీరు నన్నంటరు, మా ఆఫీసోళ్లు నన్నంటరు. తాతనైతే ఎవ్వలనరు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, వదినెకు ఫోన్ చేశాను.

"డాక్టరు కింద కూసోవద్దన్నడా, లేదా?" అంది ఆమె.

"గుంటల కాళ్లేసుకుంటే కింద కూసున్నట్టెట్లయితది వదినె? కుర్చీల కూసున్నట్టే."

"కుర్చీకి నాలుగు కాళ్లుంటయి. గుంటకేవి?"

"మామయి రెండున్నయి గద."

వదినె ఫోన్ పెట్టేసింది. మా ఆయన అక్కడే ఉన్నాడు కానీ ఇలాంటి సమయాల్లో ఆయనకు ఎక్కడో దారం చిక్కుపడుతుంది, అది విప్పడానికి వెళ్లిపోతాడు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక ఆదివారం పొద్దున ఆయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, బల్లల సందుల తేలు వోయింది. నల్లది, పెద్దది."

తేలు అంటే మా ఇంట్లో వాదన ఉండదు. మామను కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయన, పక్కింటి మగ్గం మనిషి కలిసి మంచం జరిపారు, బల్లలన్నీ తీశారు. మా ఆయన బోర్లా పడుకుని గుంటంతా టార్చి వేసి వెతికాడు. నేను చీపురుతో మూలమూలా ఊడ్చాను. దొరికినవి దారం చుట్టుకునే కండె విరిగినదొకటి, మామ ఎప్పుడో పోగొట్టుకున్న కళ్లద్దాల డబ్బా. తేలు లేదు.

"గోడ సందుకు వోయినట్టుంది" అంది ఆయమ్మ, ఏమాత్రం కంగారు లేకుండా. ఫినాయిలు చల్లిన గుంట జర ఆరేదాకా బల్లలు ఎండలో పెట్టమంది. మంచి మాటే. మగవాళ్లు బల్లలు మోసుకుపోయారు, నేను చెత్త పారబోయడానికి పోయాను, ఆయమ్మ టీ పెడతానని వంటింట్లోకి పోయింది. అంతకుముందు ఆమె మా పొయ్యి దగ్గరికి వచ్చింది లేదు. వంట తన డ్యూటీ కాదని వచ్చిన రోజే చెప్పిన మనిషి.

నేను తిరిగొచ్చేసరికి మామ గుంట అంచున ఉన్నాడు. కాళ్లు లోపల ఉన్నాయి. దూలానికి ఎప్పటినుంచో వేలాడుతున్న మోకును రెండు చేతులా పట్టుకుని, కుర్చీలో నుంచి తనంతట తనే దిగినట్టున్నాడు. ఆయమ్మ టీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. అప్పుడే వచ్చిందో, ముందు నుంచీ ఉందో తెలియదు. "అయ్యో తాతా" అని మెల్లగా అంది. గ్లాసులో టీ మాత్రం తొణకలేదు.

"సల్లగున్నది" అన్నాడు మామ. చాలా రోజులకు ఆయన నోట వద్దు కాని మాట విన్నాను.

లేవదీసేటప్పుడు ఆయమ్మ తువ్వాల మడిచి ఆయన నడుముకు చుట్టి వెనక నుంచి పట్టింది. మామ అరచేతులు ఆనించి, ఒళ్లు ఎత్తి తోశాడు. మంచం మీద నుంచి పడేసిన ఆ తోపే ఇక్కడ ఆయనను నిలబెట్టింది. మర్నాడు గుంట ఆరలేదని ఆయమ్మే అంది. ఆ మర్నాడు కూడా. మే నెల ఎండలకు ఊళ్లో బావులు ఎండిపోతుంటే మా గుంట మాత్రం ఆరలేదు.

వారం తిరగకుండా వదినె బస్సు దిగింది. వచ్చేసరికి మామ గుంటలో కాళ్లేసుకుని కండెలు చుడుతున్నాడు. ఆమె చేతిలోని సంచి కిందపెట్టకుండానే నన్ను అంది, తమ్ముణ్ణి అంది, ఆయమ్మను ఆఫీసుకు చెప్పి పంపిస్తానంది. పడితే ఎవరిది జిమ్మేదారి అని అడిగింది. నేను నోరు తెరిచే లోపల మామ కండె పక్కన పెట్టాడు.

"బిడ్డా, నేను పడ్డది మంచం మీదినుంచి. గుంటల ఉన్నోడు ఇంగ యాడికి పడ్తడు?"

వదినెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది కానీ, ఆమెదీ తండ్రి పోలికే. నవ్వాక కూడా ఒప్పుకోలేదు, డాక్టరు చెబితే తప్ప విననంది. అది న్యాయమే. మా ఆయన ఆమెను వెంటబెట్టుకుని కర్నూలు పోయాడు. గుంట మగ్గమంటే ఏమిటో డాక్టరుకు తెలియదట. పేషెంట్లను పడుకోబెట్టి చూసే ఎత్తు బల్ల అంచున మా ఆయన ఎక్కి కూర్చుని, కాళ్లు వేలాడేసి, చేతులతో నేసి చూపించాడట. ఆయన జీవితంలో పెట్టిన పెద్ద వాదన అదే. డాక్టరు నవ్వి, అలా కూర్చుంటే ఫరవాలేదు గానీ దిగేటప్పుడు, లేచేటప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలన్నాడట.

మగ్గం మళ్లీ నిలబెట్టాం. చీర నేసే శక్తి లేదు కాబట్టి మామ తువ్వాల మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి ఒక అంచు కృష్ణ ఒడ్డులా వంకర్లు పోయింది. ఆయమ్మ సీరియల్ కథ చెబుతూ దారి తప్పించిందని ఆమె మీదికే నెట్టి, ఆ తువ్వాల ఆమెకే ఇచ్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్‌లో వదినె అత్తగారు మంచం పట్టింది. వదినె మళ్లీ వచ్చింది. ఈసారి సంచి కిందపెట్టింది, టీ తాగింది, నా తొక్కును మెచ్చుకుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. "నాయన మంచిగయిండు గద మరదలా" అని మొదలుపెట్టి, సాయంత్రం బస్సుకు ఆయమ్మను వెంటబెట్టుకుపోయింది. మోకు, తువ్వాల, లేపడం అన్నీ మా ఆయనకు నేర్పించాకే ఆయమ్మ కదిలింది. ఆయమ్మను ఎత్తుకుపోయిన వదినె అంతటితో ఊరుకుంటే ఏమయ్యేది? నా నోటికి జడిసి వచ్చేసిందని తమ వైపు వాళ్లకు చెప్పుకుంది. అదే పెళ్లిళ్లలో తిరుగుతోంది.

తిరగనీ. మామ ఆ తర్వాత కొన్నేళ్లు గుంటలో కూర్చున్నాడు, ఎన్నడూ పడలేదు. వదినె మీద నాకు కోపం లేదు, ఆమె లేకపోతే ఆయమ్మే రాదు.

నాకు కావలసింది ఆయమ్మ. ఆ తర్వాత ఫోన్‌లో దొరికినప్పుడల్లా అడిగాను. ఆమె ప్రతిసారీ కొల్లాపూర్ మామిడికాయల మీదికి మాట మార్చేసింది. ఇప్పుడు ఎక్కడ, ఎవరింట్లో కమ్మీలు ఎత్తుతుందో, దించుతుందో తెలియదు. దొరికితే మాత్రం ఒక్కటే అడుగుతాను. ఆ ఆదివారం పొద్దున, ఆ బల్లల సందులో, నల్లదో ఎర్రదో, అసలు తేలు ఉండిందా?