అబద్ధం చెప్పలేని మనిషి

సాగర్ కాలువ నీళ్లు వచ్చి మిర్యాలగూడలో రైసుమిల్లులు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. మా ఆయన ధాన్యం వ్యాపారం బాగానే సాగేది, దానితోపాటు చుట్టలూ సాగేవి. కాంటా దగ్గర చుట్ట, కొట్లో కూర్చుంటే చుట్ట, అన్నం తిని చేయి కడుక్కోగానే చుట్ట. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టిందే తప్ప ఆయన నోట్లోంచి అది దిగలేదు.

చివరికి ముందు పళ్లు రెండు కదిలితే, సూర్యాపేటకు కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు పళ్లు పీకాక, ఆయన చెంప లోపలి వైపు చిన్న అద్దం పెట్టి నాకు కూడా చూపించాడు. సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ.

"ఇప్పటికి ఇది మచ్చే. చుట్ట మానకపోతే పుండవుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

ఆ డాక్టరుది ఒక పద్ధతి. మానేశానని రోగి చెబితే నమ్మడు. "నువ్వు అబద్ధం చెప్పలేని మనిషి ఎవరో ఒకరుంటారు. వాళ్లు వారానికోసారి నీ నోటి వాసన చూడాలి. నెలకోసారి నీతో వచ్చి నాకు చెప్పాలి. అప్పుడే పళ్లు కడతాను" అంటాడు. అందుకే ఆయన బెంచీ మీద ఎప్పుడూ జంటలే కనిపించేవి. మేళ్లచెరువు లారీ డ్రైవరు ఒకడు తల్లిని తెచ్చుకున్నాడు. వేములపల్లి రైతు ఒకాయన మామగారిని తెచ్చుకుని, కొత్త పెళ్లికొడుకులా తలొంచుకుని కూర్చున్నాడు.

డాక్టరు మాట పూర్తికాకముందే నేను కొంగు సర్దుకుని ముందుకు జరిగాను. పక్కనే ఉన్నాను కదా, ఇంకెవరి పేరు చెబుతాడు?

"మా అక్క ఉన్నది సార్, కోదాడల ఉంటది" అన్నాడు మా ఆయన.

అరికాలి మంట నెత్తికెక్కింది. మిర్యాలగూడ చేరేదాకా బస్సు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన అది కూడా గమనించలేదు, హాయిగా నిద్రపోయాడు.

ఇక ప్రతి శుక్రవారం మా వదిన కోదాడ బస్సు దిగేది. తల్లి పోయాక తమ్ముణ్ని ఆమే పెంచిందట, ఆ కథ నా పెళ్లినాటి నుంచి వింటున్నాను. మంచి మనిషని అందరూ అంటారు, నాకు పడనిదే అది. వాకిట్లో చెప్పులు విడుస్తూనే "ఏదీ తమ్ముడూ, నోరు తెరువు" అనేది. అంత వ్యాపారస్థుడూ అరుగు మీద నోరు తెరుచుకుని కూర్చునేవాడు. ఆమె వంగి వాసన చూసి, "బాగుందిరా, ఏం లేదు" అని తల నిమిరేది. ఆ చేయి చూస్తే నాకు కుళ్లు. తర్వాత నేను వండింది తిని, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పి, సాయంత్రం బస్సుకు పోయేది.

ఒక శుక్రవారం ఆమెను బస్సెక్కించి వచ్చి, పెరట్లో నేను గిన్నెలు తోముతున్న చోటే నిలబడి మా ఆయన చుట్ట ముట్టించాడు. బుగ్గలో ఇంకా లవంగం ఉంది.

"అక్కకు చెప్పకు" అన్నాడు.

కోపం రావాలి, కానీ సంతోషం వచ్చింది. అబద్ధం చెప్పలేనన్న మనిషికే ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాడు, నిజం మాత్రం నా ముందు దాచలేదు. ఆ సంతోషం రాత్రి అన్నాల దాకా కూడా నిలవలేదు. పచ్చిపులుసు తగలగానే ఆయన చెంప పట్టుకుని కంచం పక్కకు జరిపాడు. నాకు ఆ తెల్ల మచ్చ గుర్తొచ్చింది.

నెల తిరిగి ముగ్గురం సూర్యాపేటలో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు వదిన, "మానేశాడండీ, పూచీ నాది" అంది. ఇక నేను ఆగలేదు.

"తాగుతున్నడు సార్. వదినె బస్సెక్కంగనే నా ముందల్నే తాగుతున్నడు" అన్నాను.

చెబుతూనే వదిన ముఖం చూశాను. అది వాడిపోతే చూడాలని ఉంది, వాడిపోయింది కూడా. ఇక డాక్టరు ఆ పని నాకు అప్పగించడమే తరువాయి అనుకున్నాను.

వదిన తమ్ముణ్ని తిట్టలేదు. సంచి చంకన పెట్టుకుని లేచింది. "ఇంక నేను మీ ఇంటికి రానురా. నాకు కబురు కూడా పెట్టొద్దు" అని బయటికి నడిచింది.

మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా ఆమె వెనక పరుగెత్తాడు. నేను బస్టాండు చేరేసరికి కోదాడ బస్సు కిటికీ పట్టుకుని, "అక్కా, ఇగ ముట్టనే. నీ మీద ఒట్టు. జర దిగవే" అని ఏడుస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు.

ఆ రోజుతో చుట్ట ఆగిపోయింది. మచ్చ మెల్లగా పోయింది, డాక్టరు పళ్లు కట్టాడు. "మా అక్కనే మాన్పిచ్చింది" అని ఆ కొత్త పళ్లతో నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు. మనిషి దక్కాడు, అంతకన్నా ఏం కావాలి అనుకోవాలి నేను. అనుకోలేకపోయాను. వదిన ఒక్కసారి రానన్నందుకు మానేశాడు. గరిడేపల్లికి, మా పుట్టింటికి పోతానని నేను ఎన్నిసార్లు బెదిరించానో. చుట్ట నోట్లోంచి తీయకుండానే, "ఏ బస్సుకు పోతవ్?" అని అడిగేవాడు.