ఇరవై సెకన్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని కుర్చీల మేష్టారంటారు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గాని, ఎవరి కుర్చీ ఎంత ఎత్తులో ఉండాలో ఆయనకు కంఠతా వచ్చు. పొద్దున్నే భుజాన తుడుపుగుడ్డతో క్యూబికల్స్ అన్నీ చుట్టివస్తాడు. కీబోర్డు బోర్లించి తడితే బిస్కెట్ పొడి రాలిందా, "చీమల్ని పెంచుతున్నారా బాబూ?" అంటాడు. మెడ వంచి పనిచేసేవాళ్ళ మానిటర్ కింద చెక్క పెడతాడు. రోజూ నాలుగింటికి చప్పట్లు కొట్టి, "కళ్ళెత్తండి! ఇరవై సెకన్లు దూరంగా చూడండి" అని కేకేస్తాడు. అందరూ కిటికీ వైపు చూస్తారు. ఆయన మాత్రం మూడో వరసలో డిస్పాచ్ పని చూసే ఆవిడ వైపు చూసేవాడు. ఆవిడ పొట్టి మనిషి. కాళ్ళు నేలకందడం లేదని ఆయనే ఓ పీట చేసి పెట్టాడు. తొమ్మిదేళ్ళలో ఇద్దరూ మాట్లాడుకున్నదల్లా ఆ పీట గురించే.

"ఎత్తు సరిపోయిందాండీ?"

"సరిపోయిందండీ."

కిందటి వారం ఆవిడను రోడ్డవతలి భవనానికి మార్చారు. ఆ సీట్లోకి వచ్చిన పొడుగాయన, పీట కాళ్ళకడ్డమొస్తోంది తీసెయ్యమన్నాడు. మేష్టారు దాన్ని శుభ్రంగా తుడిచి, చంకన పెట్టుకుని రోడ్డుదాకా వెళ్ళాడు. ఏమని చెప్పి ఇవ్వాలో తోచక వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు నాలుగింటికి చప్పట్లు కొట్టి, మొదటిసారి తనూ కిటికీలోంచి చూశాడు. అందరూ మళ్ళీ పనిలో పడ్డా ఆయన తల తిప్పలేదు.

"ఇరవై సెకన్లయిపోయాయి మేష్టారూ!" అన్నాడు పొడుగాయన.

"మీకయిపోయాయి బాబూ," అన్నాడు మేష్టారు, ఎదుటి భవనం మీంచి చూపు తిప్పకుండానే. "నాది కాస్త ఎక్కువ దూరం."