మా అక్క చేతి మీది సున్న

వయసు పైబడితే కోపం తగ్గుతుందని నా ఈడు వాళ్ళు చాలామంది అంటూ ఉంటారు. నాకు తగ్గలేదు సరికదా, మొన్న బాపట్లలో మా అక్క సంవత్సరీకానికి వెళ్ళి వచ్చినప్పటి నుంచీ ఇంకా పెరిగింది. తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగేదాకా అక్కని తలచుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే కూర్చున్నాను కానీ, తిరుగు ప్రయాణంలో మాత్రం కంట్లో చుక్క లేదు, ఒళ్ళంతా ఒకటే మంట. ఇది చదివేవాళ్ళలో చేతి మీద పచ్చబొట్టు ఉన్న నా తోటి ఆడవాళ్ళు కొందరైనా ఉంటారు, వాళ్ళకైనా ఈ మంట సంగతి తెలుస్తుందని రాస్తున్నాను.

ఆ రోజు భోజనాల దగ్గర మా అక్క మనవడు, హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రవాడు, చొక్కా చేతులు పైకి మడిచి వడ్డిస్తున్నాడు. వాడి ముంజేతి మీద మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో ఉష అని ఉంది. ఆ పేరు పక్కన కందిగింజంత పచ్చటి సున్న. నేను చూస్తున్నానని గమనించి గరిటె పక్కన పెట్టి వచ్చి చేయి చాపాడు. "నానమ్మ గుర్తుగా వేయించుకున్నా చిన్ననానమ్మా. ఈ పక్కనున్నది నానమ్మ చేతి మీద పుట్టుమచ్చ. అచ్చం అట్లాగే వచ్చింది కదా?" అన్నాడు. బంతిలో కూర్చున్నవాళ్ళంతా వాడి చేయి పట్టుకుని చూసి మెచ్చుకున్నారు, ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. మా బావ, అంటే అక్క భర్త, కుర్చీలోంచే "నానమ్మంటే ప్రాణమండి వాడికి. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండి ఇట్లా! టాటూ అంటే మాటలా!" అని పక్కవాళ్ళతో చెప్పుకుని మురిసిపోయాడు. నేను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. ఎందుకంటే అది పుట్టుమచ్చ కాదు, మా అక్క పేరు ఉషా కాదు.

మాది రేపల్లె దగ్గర, పెనుమూడి వెళ్ళే దారిలో ఒక పల్లెటూరు. నూర్పిళ్ళు అయిపోయి గాదెలు నిండిన రోజుల్లో, పచ్చబొట్లు పొడిచే ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, దారంతో కట్టిన సూదుల గుత్తి అందులో ముంచి, పిల్లలు ఏడవకుండా ఏదో పాట కూనిరాగం తీస్తూ టకటకా పొడిచి, చివర ఇంత పసుపు అద్ది వెళ్ళిపోయేది. మా నాయనమ్మకి గడ్డం మీద చుక్క, ఒక చేతి మీద తులసికోట, రెండో చేతి మీద తేలు ఉండేవి. నగలు కూతుళ్ళూ కోడళ్ళూ పంచుకుంటారు, కట్టిన చీర కట్టెలతో కాలిపోతుంది, పచ్చబొట్టు ఒక్కటే మనిషి వెంట పైదాకా వస్తుందని మా నాయనమ్మ గట్టిగా నమ్మేది. పెళ్ళీడుకి వస్తున్న ఆడపిల్లకి ఏదో ఒకటి పొడిపించకపోతే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. నా వంతు వచ్చేసరికి నేను గడ్డివాము వెనక్కి పారిపోతే లాక్కొచ్చి మణికట్టు మీద మూడు చుక్కలు పెట్టించి వదిలేశారు. ఆ మూడు చుక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. తెనాలిలో ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేసినన్నాళ్ళూ, సుద్దముక్కతో బోర్డు మీద రాస్తుంటే వెనక పిల్లలు వాటిని చూసి గుసగుసలాడుకునేవాళ్ళు.

మా అక్క మాత్రం తేలూ వద్దు, తులసికోటా వద్దు, తన పేరే కావాలంది. మా ఇంట్లో చదువుకున్న మొదటి ఆడపిల్ల అది. దాని చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బళ్ళో పంతులు అందరికీ చూపించేవాడు. అరుగు మీద సుద్దతో తన పేరు రాసి చూపించింది. సామ్రాజ్యం. మన వైపు ఆ పేరు ఎంత మామూలో మీకు తెలుసు, ఏ ఊళ్ళో పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. పచ్చబొట్లామె ఆ పేరు వంక అనుమానంగా చూసి, "నాకు అచ్చరాలు రావు తల్లా, నువ్వు గీసినట్టే పొడుస్తా, వంకర పోతే నన్ననొద్దు" అంది. వంకర పోలేదు. అక్క రాత అక్క చేతి మీద ఉన్నదున్నట్టు దిగింది. చివరి సున్న ఒక్కటే కాస్త పలచగా వచ్చిందని, అప్పటికే కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా, మళ్ళీ పొడవమని అక్క పట్టుబట్టింది. ఆమె నవ్వుకుంటూ ఆ సున్న మీద ఇంకోసారి లోతుగా పొడిచింది. తరవాత వారం రోజులు మా అక్క ఆ చేతిని చూసుకున్నంతగా అద్దం కూడా చూసుకోలేదు.

బాపట్ల సంబంధం కుదిరినప్పుడు తెలిసింది, అత్తగారి పేరు కూడా సామ్రాజ్యమేనని. ఇంట్లో అత్తకీ కోడలికీ ఒకటే పేరుంటే కోడలి పేరు మార్చడం అప్పటి ఆచారం. అత్త కోడల్ని తన పేరు పెట్టి తానే ఎట్లా తిడుతుంది, కొడుకు తల్లి పేరుతో పెళ్ళాన్ని ఎట్లా పిలుస్తాడు? ఇది చదివేవాళ్ళలో రెండు పేర్లున్నవాళ్ళు ఎంతమంది లేరు, పుట్టింటికి ఒకరుగా, అత్తింటికి ఒకరుగా బతికినవాళ్ళు! మా అమ్మా నాన్నా కూడా అందులో తప్పేముందన్నారు. మా బావ ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరి, పట్నం పోకడలన్నీ నేర్చుకుని, ఉష అని తానే ఏరికోరి పెట్టాడు. మగవాళ్ళందరూ పెళ్ళాన్ని ఏమే, ఇదిగో అని పిలుచుకునే రోజుల్లో ఆయన వీధిలోకి వినపడేటట్టు ఉషా అని పిలిచేవాడు. ఎంత సంస్కారమో అని అందరూ ముచ్చటపడేవాళ్ళు, నేనూ పడ్డాను.

పేరైతే నోటితో మార్చేశారు. చేతి మీదున్న దాన్ని ఏం చెయ్యాలి? అక్క కాపురానికి వెళ్ళిన కొత్తలోనే అత్తగారు మొదలుపెట్టింది. "నా పేరు దాని చేతి మీద ఏంటి? ఆ చేత్తోనే అంట్లు తోముద్ది, ఆ చేత్తోనే పేడ తీస్తది. నా పేరుకి బూడిద పూస్తదా?" అని వచ్చేపోయేవాళ్ళందరితో అనేదట. బావకి ఆ బాధ లేదు, ఆయన బాధ వేరు. ఆఫీసువాళ్ళు భార్యల్తో ఇంటికి వస్తే, కాఫీ ఇచ్చే చేతి మీద పచ్చబొట్టు కనపడుతుంది. నాటుగా ఉంటుంది. పల్లెటూరి మొద్దుని చేసుకున్నాడంటారు. ఇన్నేళ్ళు పోయాక కూడా ఆ నాటు అన్న మాట తలచుకుంటే నాకు పళ్ళు పటపటమంటాయి.

సున్నం, బట్టల సోడా కలిపి పట్టు వేస్తే పచ్చబొట్టు పోతుందని ఎవరో చెప్పారట. అత్తగారు సున్నం కలిపితే, బజారుకి వెళ్ళి సోడా తెచ్చింది బావ, పైన గుడ్డ కట్టింది కూడా బావే. మంట తట్టుకోలేక అక్క గుడ్డ లాగేసుకుంటుంటే చేయి పట్టుకుని కూర్చున్నదీ ఆయనే. కొత్త పెళ్ళికూతురిగా ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు మోచేతి కింద ముంజేయి అంతా పుండు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మా అమ్మ వెన్న రాస్తూ ఏడ్చిందే కానీ ఏంటిది అని బాపట్ల వెళ్ళి అడగలేదు. మా నాన్న సర్దుకుపోవాలి అన్నాడు. అడిగినవాళ్ళందరికీ నూనె చిందిందని చెప్పమన్నారు, అక్క బతికినన్నాళ్ళూ అదే చెప్పింది, కన్నకొడుక్కి కూడా. ఎలా జరిగిందో నాకు చెప్పింది కూడా ఆ ఆషాఢంలో ఒక్కసారే. చెబుతున్నంతసేపూ దాని గొంతులో కోపం లేదు. ఆ కోపమంతా నాకు ఇచ్చేసి వెళ్ళిందేమోనని ఇప్పుడనిపిస్తుంది.

పుండు మానాక చూస్తే, చర్మం ముడతలు పడి అక్షరాలన్నీ కలిసిపోయాయి, ఏది ఏదో తెలియదు. చివరిది మాత్రం, పట్టుబట్టి రెండోసారి లోతుగా పొడిపించుకున్నది, అట్లాగే పచ్చగా నిలబడింది. సున్నం పేరంతా తినేసి సున్న దగ్గర ఓడిపోయింది. కొంతకాలానికి అందరూ అది పుట్టుమచ్చే అనుకున్నారు. మనవడు చిన్నప్పుడు నానమ్మ ఒళ్ళో పడుకుని దాని మీద వేలు పెట్టుకుని నిద్రపోయేవాడు.

ఆ తరవాత మా అక్క ఉషగానే బతికింది. పుట్టింటి వైపు చుట్టాలు పాత పేరుతో పిలిస్తే ఒక్కోసారి తిరిగి చూసేది కూడా కాదు. సెలవులకి తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం నేను కావాలని వంటింట్లోంచి సామ్రాజ్యం, సామ్రాజ్యం అని కేకలు పెట్టేదాన్ని, అది కిలకిలా నవ్వి ఆఁ అని పలికేది. ఎక్కడా పలకని ఆ పలుకు మా ఇంట్లో పలికేది. బావ వెంట వచ్చినప్పుడు నేనూ అక్కా అనే పిలిచేదాన్ని, అది నవ్వేది కాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, సంవత్సరీకం నాడు పొద్దున, టాటూ చూడకముందే, ఇంకో సంగతి జరిగింది. పిండాలు పెట్టేటప్పుడు పురోహితుడు పేర్లు అడిగాడు. తల్లి పేరు ఉష అని చెప్పాడు అక్క కొడుకు. నాయనమ్మ పేరు అడిగితే సామ్రాజ్యం అన్నాడు. లోపలి గది గుమ్మంలో కూర్చున్న నేను ఆ పేరు చెవిన పడేసరికి తల తిప్పి చూశాను. మా అక్క పేరు చదివి, ఆ పేరు మీద అన్నం ముద్ద పెట్టి, నీళ్ళు వదిలి, దాన్ని కాల్చిన మనిషికి ఇచ్చారు. మా అక్కకేమో ఎవరో పెట్టిన పేరు మీద ఇచ్చారు. అది అందిందో లేదో ఎవరికి తెలుసు? ఏడాది క్రియలో గొడవ ఎందుకని అప్పటికి నోరు మూసుకున్నాను. భోజనాల దగ్గర ఆ చేయి చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

విస్తరి ముందు నుంచి లేచి, చేయి కడుక్కుని, మనవడి ముంజేయి పట్టుకుని బావ కుర్చీ దగ్గరికి తీసుకువెళ్ళాను. అది మచ్చ కాదు నాన్నా, మీ నానమ్మ పేరులో చివరి సున్న, మిగతా పేరు ఏమైందో మీ తాత చెబుతాడు అన్నాను. ఆయన చెప్పేదాకా ఆగకుండా నేనే చెప్పాను, అందరూ వినేటట్టు చెప్పాను. పెరుగు తెస్తున్నవాళ్ళు తెస్తున్నట్టే ఆగిపోయారు. బావ చేతికర్ర అటూ ఇటూ జరుపుకుని, చివరికి, "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావమ్మాయ్? ఆ రోజులు అట్లాంటివి" అన్నాడు.

"రోజులు సోడా తేలేదు బావా, మీరు తెచ్చారు. గుడ్డ కట్టింది మీరు. చేయి పట్టుకుంది మీరు" అన్నాను.

అక్క కొడుక్కి పాపం ఇవేమీ తెలియవు. నా దగ్గరికి వచ్చి, పోనీ వచ్చే ఏడు అమ్మ సొంత పేరు మీదే పెడదాం పిన్నీ అన్నాడు. అప్పుడు బావ అన్న మాట వినండి. "ఆ పేరుతో పెడితే మా అమ్మకి పోద్దిరా" అన్నాడు. చచ్చి పైకి పోయాక కూడా ఆ పేరు ఆవిడదేనట, మా అక్క అక్కడ కూడా పక్కకి తప్పుకోవాలట! నేను సంచి తీసుకుని స్టేషనుకి వచ్చేశాను.

ఇప్పుడు మా తెనాలిలోనే మెయిన్ రోడ్డు మీద అద్దాల గది కట్టి టాటూల షాపు పెట్టారు. మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు చూస్తూ ఉంటాను, ఆడపిల్లలు నవ్వుకుంటూ లోపలికి వెళతారు, కావలసిన బొమ్మ కావలసిన చోట వేయించుకుని, కాఫీ తాగినంత తేలిగ్గా బయటికి వస్తారు. నొప్పి తెలియకుండా ముందే మందు రాస్తారట, నచ్చకపోతే చెరిపేయడానికి లేజరు ఉందట. వాళ్ళ మీద నాకు ఈర్ష్య లేదు, కోపం అసలే లేదు, వాళ్ళని చూస్తే కడుపు నిండుతుంది. ఒంటి మీద ఏం రాసుకోవాలో వాళ్ళే అనుకుంటున్నారు, మా రోజుల్లో ఒక్క పిల్ల అట్లా అనుకున్నందుకు ఏమైందో చూశాం. నా కోపమల్లా పచ్చబొట్టు అంటే మొహం చిట్లించి, అదే టాటూ అంటే మురిసిపోయే పెద్దమనుషుల మీద. మాట ఒక్కటి మారితే చాలు, చేసిందంతా మరిచిపోయి చప్పట్లు కొట్టేస్తారు.

నేను ఇంటికి వచ్చిన రెండో రోజున మనవడి దగ్గర నుంచి ఫోనులో మెసేజి వచ్చింది. నానమ్మ అసలు పేరు కూడా వేయించుకుంటాడట, తెలుగులో. ఇంగ్లీషు బళ్ళో చదివాడు కనుక మ కింద ర ఒత్తు ఎట్లా వస్తుందో సరిగా తెలియదట, రాసి పంపించమన్నాడు. వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఆ పూటే రాసి పంపేదాన్నే. కానీ ఆగాను. ముందు మీ తాత దగ్గర కూర్చుని, నానమ్మ పేరేంటి తాతా అని అడుగు నాన్నా, ఆయన నోటితో ఆ పేరు ఒక్కసారి చెప్పించు, చెప్పిన రోజున నేనే రాసి పంపిస్తాను అని జవాబు పెట్టాను.

వాడు బాపట్ల వెళ్ళి అడిగాడట. ఆయన చాలాసేపు ఆలోచించి, ఉష అన్నాడట.