నా ఎదురుకాళ్లకు ఈ రోజుతో రిటైర్మెంట్

నేను ఎదురుకాళ్లతో, అంటే తల కన్నా ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. శ్రీరాంపూర్‌లో మా వాడకట్టు నడుములన్నీ చిన్నప్పటి నుంచి నా కాళ్ల కిందకు వచ్చినవే.

ఈ రోజు నడుము నొప్పితో ఉన్న బాపును మంచిర్యాలలో ఆయుర్వేద డాక్టరమ్మకు చూపించాను. ఆమె ఎమ్మారై ఫిల్ము చూశాకే తైలం రాసిచ్చారు. ఇంతకుముందు ఎముకల డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఆపొద్దన్నారు, నడుము తొక్కించొద్దని గట్టిగా చెప్పారు.

ఇంటికి రాగానే బాపు చాప మీద బోర్లా పడుకున్నాడు.

"తైలం పొద్దుగూకినంక రాస్తువు గని, ఒక్కసారి తొక్కరాదు బిడ్డా!"

నేను ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాను. "గిదో, గీ పూసల నడుమ మెత్త బయటికి ఉబ్బి నరాన్ని ఒత్తుతుంది. తొక్కితే ఇంకింత ఒత్తుతది. నువ్వెంత బతిలాడినా తొక్కను బాపు."

బాపు ఫిల్మును చాలాసేపు చూసి, మెల్లగా లేచి మంచమెక్కాడు.

సాయంత్రం పక్కింటి రాజవ్వ నడుము పట్టుకుని నా కోసం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి బాపు గొంతు వినిపించింది.

"ముందుగాల డాక్టర్‌కు చూపెట్టుకో రాజవ్వా. మా బిడ్డ ఇగ ఎవ్వల నడుము మీద కాలు పెట్టది."

మీ వాడలో ఎదురుకాళ్లవాళ్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నారా?